సెల్లార్ గోడ ఊట: బయట తవ్వించే ముందు, తవ్వాక

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. హైదరాబాద్‌లో కొంపల్లి వైపు 11 ఏళ్ళ కింద కట్టిన ఇల్లు, కింద సెల్లార్, ఆర్సీసీ గోడలు, దక్షిణం వైపు ర్యాంప్. ఆగస్టు వచ్చేసరికి ఉత్తరం గోడ, తూర్పు గోడ తడిసిపోయి నేల మీద రెండంగుళాల నీళ్ళు నిలబడుతున్నాయి, పడమర గోడ కొంచెం చెమ్మగా ఉంటుంది. లోపల రెండుసార్లు కెమికల్ కొట్టించారు, రెండుసార్లూ పొక్కులు లేచి ఊడిపోయింది. ఇప్పుడు ఒకాయన బయట తవ్వి చేస్తే గానీ ఆగదు అంటున్నాడు, ఇంకొకాయన మళ్ళీ లోపలే చేద్దాం ఐదేళ్ళ గ్యారంటీ ఇస్తా అంటున్నాడు, ఎవరి మాట వినాలి అని కదా మీ ప్రశ్న.

నేను 22 ఏళ్ళ నుంచి ఈ పనిలోనే ఉన్నాను, సైట్ ఇంజనీర్‌గా మొదలుపెట్టి తర్వాత వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే పట్టుకున్నాను. బయట చేయాలన్నాయన చెప్పిందే కరెక్ట్. కాకపోతే జేసీబీ పిలిచే ముందు మీరు చేసుకోవాల్సిన పని కొంత ఉంది, అది చేయకుండా తవ్వితే డబ్బులు మట్టిలో పోసినట్టే.

ముందు లోపల కొట్టింది ఎందుకు ఊడిందో చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఒక అడుగు ఎత్తు నీళ్ళు నిలిస్తే అడుగున చదరపు అడుగుకి 28 కిలోల ఒత్తిడి ఉంటుంది. మీ గోడ 10 అడుగులు, వానాకాలంలో బయట మట్టి పైదాకా నిండితే కింద చదరపు అడుగు మీద 280 కిలోలు. ఆ ఒత్తిడితో నీళ్ళు గోడలో ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరి మీ కోటింగ్ వెనక నిలబడి దాన్ని లోపలికి తోస్తూ ఉంటాయి. అదే కోటింగ్ బయట ఉంటే ఆ నీళ్ళే దాన్ని గోడకి అదిమిపెడతాయి. ఒకే మందు, ఒకే మేస్త్రీ, ఏ వైపు కొట్టాం అన్నదాన్ని బట్టి నిలబడటమో ఊడటమో. పైగా లోపల నుంచి గట్టిగా మూసేస్తే గోడ ఏడాదంతా నీళ్ళు పట్టుకునే ఉంటుంది, ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఏడెనిమిదేళ్ళకి పెచ్చులు రాలడం మొదలవుతుంది. నాకు దీని గురించే ఎక్కువ బాధ, పెయింట్ పోతే పెయింట్ వేసుకోవచ్చు, లోపలి కడ్డీని తుప్పు తింటే ఏం వేస్తాం.

ఇప్పుడు తవ్వే ముందు చూసుకోవాల్సినవి. నీళ్ళు ఎక్కడివి అన్నది మొదట తేలాలి. వానలు పడ్డ రెండు మూడు రోజులకి మొదలై వానలు ఆగిన నెలకి గానీ తగ్గట్లేదంటే అది భూమిలో ఊట. ఏప్రిల్ ఎండల్లో కూడా చెమ్మ ఉందంటే అది వాన కాదు, మీ సంపో, డ్రైనేజీ పైపో, పక్కింటి సెప్టిక్ ట్యాంకో. మన దగ్గర కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కదా, సంప్ నిండిన మర్నాడు గోడ తడి పెరుగుతోందా అని ఒక పది రోజులు క్యాలెండర్ మీద రాసుకోండి. అనుమానం వస్తే సంప్ నిండుగా నింపి, లోపలికి వచ్చే వాల్వు కట్టేసి, మోటార్ ఆపేసి, నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టి మర్నాడు చూడండి, గీత కిందికి దిగితే దొంగ దొరికినట్టే. పడమర గోడకి ఇంకో పరీక్ష. అడుగున్నర పాలిథిన్ కవర్ ముక్క తీసుకుని నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. కవర్ వెనక, గోడ వైపు నీటి బొట్లు ఉంటే గోడలోంచి వస్తోంది, కవర్ మీద మన వైపు తడి ఉంటే అది గాలిలో తేమ చల్లటి గోడకి పట్టింది, దానికి తవ్వకం అక్కర్లేదు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు.

తర్వాత మరకల్ని చూడండి, మరక చాలా చెప్తుంది. రెండు మూడడుగులకి ఒకటి చొప్పున లెక్క పెట్టినట్టు వరసగా గుండ్రటి చెమ్మ మచ్చలు ఉంటే అవి షట్టరింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు పలకలు) బిగించినప్పుడు గోడలోంచి అడ్డంగా పెట్టిన టై రాడ్ కడ్డీల రంధ్రాలు. నాలుగైదు అడుగుల ఎత్తులో అడ్డంగా గీత గీసినట్టు తడి ఉంటే అక్కడ ఆ రోజు కాంక్రీట్ ఆపి మర్నాడు పోశారు, కోల్డ్ జాయింట్. నేలా గోడా కలిసే చోట మాత్రమే కారుతుంటే రాఫ్ట్‌కీ (సెల్లార్ అడుగున పోసే కాంక్రీట్ పలక) గోడకీ మధ్య జాయింట్, అన్నిటికన్నా ఎక్కువ కేసులు ఇవే. ఒక చోట దుప్పటంత మేర తడి పరుచుకుని ఉంటే లోపల హనీకూంబ్, అంటే కంకర మధ్య సిమెంట్ పాలు నిండక తేనెపట్టులా బోలుగా ఉంది. ఈ మరకలన్నీ నేల నుంచి ఎన్ని అడుగులు, మూల నుంచి ఎన్ని అడుగులు అని కొలిచి కాగితం మీద బొమ్మ గీసి పెట్టుకోండి. బయట తవ్వాక ఆ కొలతల దగ్గరే వెతకాలి, అప్పుడు మేస్త్రీకి మీరు చూపించగలరు.

ఇంకో మాట, ఇది చాలామంది అసలు ఆలోచించరు. మీ ఇంకుడు గుంత ఎక్కడుంది? ఈశాన్యం మూలలో అని రాశారు, గోడకి ఎంత దూరమో రాయలేదు. కొన్నేళ్ళ కింద అల్వాల్‌లో ఒక ఇంటికి వెళ్ళాను. పెద్దాయన రిటైర్డ్ టీచర్, లోపల మూడుసార్లు చేయించి విసిగిపోయి ఉన్నారు. బయట చూస్తే మేడ మీది వాన నీళ్ళ పైపులు నాలుగూ కలిపి ఇంకుడు గుంతలోకి ఇచ్చారు, మంచి పనే. కానీ ఆ గుంత సెల్లార్ గోడకి నాలుగడుగుల దూరంలో ఉంది, ఆరడుగుల కింద షీట్ రాక్, అంటే పలకలా పరుచుకున్న గట్టి రాయి. నీళ్ళు కిందికి ఇంకే దారి లేదు, రాయి మీద పక్కకి జారి తిన్నగా గోడకే వస్తున్నాయి. అంటే మేడ మీద పడ్డ వాన మొత్తాన్ని పైపు వేసి మరీ సెల్లార్ గోడకి పోస్తున్నారు. ఆ గుంత మూసి, ఇంటికి దూరంగా గేటు పక్కన కొత్తది తవ్వి పైపులు అటు తిప్పాం, ఆ వానాకాలం ఊట సగానికి పైగా తగ్గిపోయింది, గోడని ముట్టుకోకుండానే. మీదీ దగ్గరగా ఉంటే ముందు అది జరపండి. అలాగే గోడ చుట్టూ నేల వాలు ఇంటి వైపు ఉందా కాంపౌండ్ వైపు ఉందా, ఒక బకెట్ నీళ్ళు పోసి చూస్తే తెలిసిపోతుంది.

ఇవన్నీ సరిచేసినా ఊట ఉంటుంది, మీ ఏరియాలో ఉండి తీరుతుంది, ఎందుకంటే హైదరాబాద్ నేల కింద గ్రానైట్. పైన మొరం, దాని కింద గట్టి రాయి. వాన నీళ్ళు మొరంలోంచి దిగి రాయి మీద ఆగి వాలు ఉన్న వైపు ప్రయాణం చేస్తాయి. రాతిలో బ్రేకర్ పెట్టి కొట్టి సెల్లార్ తీశారంటే రాతికీ గోడకీ మధ్య రెండు మూడడుగుల సందు ఒక గిన్నెలాగా తయారైనట్టు, అందులో చేరిన నీళ్ళు ఎటూ పోలేవు. అందుకే గోడకి ఎంత ఖరీదైన మందు రాశాం అన్నదానికన్నా ఆ గిన్నెలోంచి నీళ్ళు బయటికి పోయే దారి పెట్టామా లేదా అన్నది నాకు ముఖ్యం. రెండిట్లో ఒకదానికే డబ్బులున్నాయి ఏది చేయమంటారు అని అడిగితే నేను దారే పెట్టమంటాను. కొటేషన్లలో మందు పేరు నాలుగు లైన్లు ఉంటుంది, డ్రెయిన్ పైపు మాట ఉండదు, మీకు వచ్చిన కొటేషన్ ఒకసారి తీసి చూడండి.

తవ్వకం గురించి గట్టిగా చెప్పాలి. 10 అడుగుల లోతు కందకం ప్రాణాల మీదికి తెచ్చే పని. ఒక క్యూబిక్ మీటర్ మట్టి టన్నున్నరకి పైనే బరువు ఉంటుంది, మీద పడితే నడుం లోతు కూరుకున్న మనిషిని కూడా లాగలేం. ఉత్తరం గోడ మొత్తం ఒకేసారి తెరవనివ్వొద్దు, 8 నుంచి 10 అడుగుల ముక్క తవ్వి, చేసి, పూడ్చి, తర్వాత ముక్కకి వెళ్ళాలి. కొంచెం లేటవుతుంది, ఫర్వాలేదు. నాలుగడుగులు దాటితే పలకలు, అడ్డ దూలాలు పెట్టి ఆపాలి, లేదా చోటుంటే మెట్లు మెట్లుగా తవ్వాలి. తీసిన మట్టి గట్టు మీదే కుప్ప పోయకూడదు, ఆ బరువుకే గట్టు జారుతుంది. నిచ్చెన ఎప్పుడూ లోపలే ఉండాలి, ఒక్కడే మనిషి దిగకూడదు. మీ సెట్‌బ్యాక్, అంటే ఇంటికీ కాంపౌండ్‌కీ మధ్య ఖాళీ, 5 అడుగులే అంటున్నారు కాబట్టి పక్కింటి కాంపౌండ్ గోడ పునాది ఎంత లోతుందో ముందే చూడాలి, వాళ్ళతో మాట్లాడాలి, ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచి చూపించి తీరాలి, ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దండీ. ఫుటింగ్ (పునాది) అడుగు కన్నా కిందికి ఒక్క అంగుళం కూడా తవ్వకూడదు. జేసీబీ బకెట్ గోడకి అడుగు దూరంలో ఆగిపోవాలి, ఆ చివరి అడుగు పారతో తీయాలి. టైమ్ అంటారా, ఫిబ్రవరిలో మొదలుపెట్టి మృగశిర కార్తె లోపు పూడ్చేయాలి. ఇప్పుడు ఆగస్టులో ఎవరైనా రేపే తవ్వేద్దాం అంటే వద్దనండి.

తవ్వాక ఏం కనిపిస్తుందో నాకు దాదాపు తెలుసు. ఇల్లు కట్టినప్పుడు గోడ వెనక పూడ్చింది మట్టి కాదు, ఇటుక ముక్కలు, సిమెంట్ బస్తాలు, సెంట్రింగ్ చెక్కలు, థర్మకోల్. పోయినేడాది ఒక చోట గోడ బయటి ముఖం కడిగి చూస్తే టై రాడ్ రంధ్రాల్లో సిమెంట్ బస్తా కాగితం ఉండ చుట్టి కుక్కి పైన ఒక పూత ప్లాస్టరింగ్ లాగేశారు. నేను వేలు పెట్టి తీస్తే తడి కాగితం ముద్దలా వచ్చింది, వెనకాలే సన్నటి ధార. లోపల మచ్చలు ఎన్నున్నాయో బయట ఉండలు అన్నే ఉన్నాయి, లెక్క సరిపోయింది.

గోడ తెరిచాక మందు డబ్బా మూత తీసే తొందర వద్దు. వైర్ బ్రష్, ప్రెజర్ వాటర్‌తో మట్టి మొత్తం పోవాలి. సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోతే బోలుగా మోగే చోట్లు తెలుస్తాయి, అక్కడ గట్టి కాంక్రీట్ తగిలేదాకా చెక్కి నాన్-ష్రింక్ గ్రౌట్‌తోనో (ఆరాక కుంచించుకుపోని సిమెంట్ మిశ్రమం) పాలిమర్ కలిపిన మోర్టార్‌తోనో నింపాలి. టై రాడ్ దగ్గర ప్లాస్టిక్ గొట్టం ఉంటే అంగుళం లోతుకి తీసేసి నింపాలి, పగుళ్ళని వి ఆకారంలో కోసి నింపాలి. రాఫ్ట్‌కీ గోడకీ మధ్య జాయింట్‌ని అంగుళం లోతు గాడి కోసి నింపి, ఆ మూలలో రెండంగుళాల మేర గుండ్రంగా వాలు కట్టాలి, లేకపోతే ఏ షీట్ అయినా 90 డిగ్రీల మూలలో చిట్లుతుంది. మీ దగ్గర రోజుకి ఇద్దరు మనుషులు పది రోజులు పని చేస్తే అందులో ఏడు రోజులు ఈ చెక్కడం నింపడమే ఉండాలి, పూత రెండు రోజుల పని.

ఇక గోడకి ఏం పూయాలి అన్నది. కొత్త ఇల్లయితే నాలుగు ఎంఎం ఏపీపీ మెంబ్రేన్, అంటే తారు షీట్, నాకు ఇష్టం. ముందు ప్రైమర్ కొట్టి ఆరాక, మీటర్ వెడల్పు రోల్‌ని గ్యాస్ టార్చ్‌తో వేడి చేస్తూ అంటిస్తారు, పక్కల 100 ఎంఎం, కొసల్లో 150 ఎంఎం ఒకదాని మీద ఒకటి రావాలి, అతుకు అంచున కరిగిన తారు సన్నటి పూసలాగా బయటికి పొంగాలి, ఆ పూస కనపడని చోట అతుకు అతకలేదని లెక్క. కానీ ఇది పొడి గోడకే అంటుతుంది. మీ గోడ 11 ఏళ్ళుగా నీళ్ళు తాగింది, పైకి ఆరినట్టు కనిపించినా టార్చ్ వేడికి లోపలి తడి ఆవిరై షీట్ వెనక బుడగలు కడుతుంది. పాలీయురెథేన్ పూతలు కూడా ఎక్కువ శాతం తడిని ఓర్చుకోవు. అందుకని మీకు సిమెంట్ ఆధారంగా ఉండే రెండు భాగాల పాలిమర్ కోటింగ్, పొడీ ద్రావణం కలిపి వాడేది, అది వేయించండి, చెమ్మ గోడ మీద కూడా పట్టుకుంటుంది. రెండు కోట్లు, మొదటిది నిలువుగా బ్రష్ లాగితే రెండోది అడ్డంగా, జాయింట్ల మీదా మూలల మీదా మధ్యలో ఫైబర్ మెష్ పెట్టి. క్రిస్టలైన్ కోటింగ్ గురించి కూడా అడిగారు. అది మంచిదే, తడిలోనే పని చేస్తుంది, కాంక్రీట్ లోపలికి వెళ్ళి స్ఫటికాల్లా పెరిగి సన్న రంధ్రాలు మూస్తుంది, కాకపోతే కదిలే పగులుని ఆపదు, ఇటుక గోడకి పనికిరాదు, కొట్టాక రెండు మూడు రోజులు తడుపుతూ ఉండాలి, మనవాళ్ళు ఆ తడపడమే మర్చిపోతారు. షాబాద్ బండలు, తాండూరు బండలు గోడ బయట నిలబెట్టి మధ్య సందులో గ్రౌట్ పోసే బాక్స్ పద్ధతి మీ మామగారు చెప్పారన్నారు, పాతకాలం నుంచి ఉన్నదే, చాలా చోట్ల నిలబడింది కూడా, కానీ ప్రతి బండ అతుకూ మేస్త్రీ చేతి మీద ఆధారపడుతుంది, మీ ఇరుకు కందకంలో నేను దాన్ని చేయించను.

పూత ఆరాక దాన్ని అలాగే వదిలి మట్టి తోసేయకూడదు, ఒక్క రాయి గీసుకుంటే అక్కడే నీళ్ళు. బుడిపెలు ఉండే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రెయిన్ బోర్డ్ దొరుకుతుంది, బుడిపెల మీద గుడ్డ అంటించి ఉంటుంది, ఆ గుడ్డ, బుడిపెలు మట్టి వైపు, బోర్డు వీపు గోడ వైపు ఉండేలా నేల మట్టం దాకా నిలబెట్టండి. ఇది పూతని కాపాడుతుంది, గోడ దాకా వచ్చిన నీటిని కిందికి జారుస్తుంది.

కిందికి జారిన నీళ్ళు పట్టుకునేదే డ్రెయిన్ పైపు, ఇక్కడ దయచేసి దగ్గరుండి చూసుకోండి. కందకం అడుగున ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీళ్ళని వదిలి మట్టిని ఆపేది, పరవాలి, దాని మీద నాలుగంగుళాలు 20 ఎంఎం కంకర, దాని మీద నాలుగంగుళాల పీవీసీ పైపు, రంధ్రాలు చేసింది. రంధ్రాలు కింది వైపుకి రావాలి, నీళ్ళు కింద నుంచి పైకి నిండుతూ పైపులోకి వస్తాయి. మేస్త్రీలు అలవాటుగా పైకి పెడతారు, అలా పెడితే కంకర సగం దాకా నీళ్ళు ఎప్పటికీ నిలిచే ఉంటాయి. పైపు సెల్లార్ ఫ్లోరింగ్ మట్టం కన్నా కింద ఉండాలి, ఫుటింగ్ అడుగు కన్నా పైన ఉండాలి. వాలు 100 అడుగులకి ఒక అడుగు ఇవ్వండి, మీ గోడ 40 అడుగులంటే ఐదంగుళాలు, ట్యూబ్ లెవల్ (నీళ్ళు నింపిన గొట్టం) పట్టి చూస్తే చాలు. చుట్టూ ఇంకో అడుగు కంకర పోసి గుడ్డని చీర మడతలా ఒకదాని మీద ఒకటి కప్పేయాలి, గుడ్డ లేకపోతే మొరం మెత్తటి మట్టి రెండు వానాకాలాల్లో పైపుని పూడ్చేస్తుంది. ప్రతి మూలలో పైపుకి ఒక నిలువు పైపు తగిలించి నేల పైకి మూతతో తీయండి, ఎప్పుడైనా పూడితే అందులోంచి ప్రెజర్ నీళ్ళు కొట్టి శుభ్రం చేయొచ్చు. పైపు చివర ఒక చిన్న గుంట, అందులో ఫ్లోట్ స్విచ్ ఉన్న సబ్‌మెర్సిబుల్ పంపు. పెద్ద వాన పడ్డప్పుడే కరెంట్ పోతుంది కాబట్టి ఆ పంపు ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి, వీలైతే రెండో పంపు స్పేర్‌గా పెట్టుకోండి.

పూడ్చే ముందు ఒక పూట పైప్‌తో గోడ మీద నీళ్ళు వదిలి లోపల ఒకరు టార్చిలైట్‌తో నిలబడి చూడండి, అలాగే ఆ నీళ్ళు గుంట దాకా వస్తున్నాయో లేదో చూడండి. పూడ్చడానికి మంచి మొరం, తొమ్మిదంగుళాల పొర వేసి దిమ్మిస కొట్టి మళ్ళీ పొర. తవ్వి తీసిన చెత్తని మళ్ళీ లోపలికి తోయనివ్వొద్దు. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడి నేలల్లో ఉండే వాళ్ళు ఇది చదివితే వాళ్ళకి ఇంకో జాగ్రత్త, ఆ మట్టి తడిస్తే ఉబ్బి గోడని నెడుతుంది, గోడ వెనక రేగడి అసలు వేయొద్దు. పై అడుగు మాత్రం కాస్త బంక మట్టి వేసి గట్టిగా కొట్టి, దాని మీద మూడడుగుల వెడల్పు కాంక్రీట్ బయటికి వాలుగా పోయించండి.

పక్కింటి గోడ మరీ దగ్గరై తవ్వడం కుదరదని ఇంజనీర్ చెప్తే అప్పుడే లోపలి దారి. గోడకి రంధ్రాలు వేసి ప్రెజర్‌తో పీయూ (పాలీయురెథేన్) ఎక్కించడం, లోపలి గోడ అంచున చిన్న కాలువ తీసి పంపుకి కలపడం. అది ఊటని ఆపదు, వచ్చిన ఊటని అదుపులో పెడుతుంది, అలా అని తెలిసి చేయించుకుంటే తప్పు లేదు.

కొత్తగా కట్టేవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. గోడకి ఎం30 గ్రేడ్ కాంక్రీట్, నీళ్ళు సిమెంట్ నిష్పత్తి 0.45 దాటొద్దు, రాఫ్ట్ గోడ జాయింట్‌లో పీవీసీ వాటర్ బార్ (నీళ్ళు దాటకుండా కాంక్రీట్‌లో పాతే పట్టీ) తప్పకుండా పెట్టించండి, పై స్లాబ్ పడి గట్టిపడేదాకా గోడ వెనక మట్టి నింపొద్దు, పైన పట్టు లేని గోడ మట్టి బరువుకి లోపలికి ఒంగి పగులుతుంది. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు బేస్‌మెంట్ అనొద్దు సెల్లార్ అనండి, మన దగ్గర బేస్‌మెంట్ అంటే పునాది మీద నేల ఎత్తు దాకా కట్టేది, ఆ మాట తేడాతో తప్పు కొటేషన్ తెచ్చుకున్నవాళ్ళని చూశాను.

ఇంకొకటి మర్చిపోయాను, చాలా ముఖ్యం. 2020 అక్టోబర్ 13 వానకి ఊళ్ళో ఎన్ని సెల్లార్లు నిండిపోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. అలా ఎప్పుడైనా నిండితే పెద్ద మోటార్ పెట్టి ఒక్క రోజులో తోడేయొద్దు. బయట మట్టి నిండా నీళ్ళుండగా లోపల ఖాళీ చేస్తే గోడ లోపలికి కూలొచ్చు, నేల పైకి లేవొచ్చు. ఒక అడుగు తోడి గీత పెట్టి రాత్రంతా ఆగండి, పొద్దున నీళ్ళు గీత దాటి పైకి వస్తే తోడడానికి ఇంకా టైమ్ రాలేదని అర్థం, ఆగి మళ్ళీ చూడండి. అంతకన్నా ముందు మెయిన్ కరెంట్ తీసేయకుండా ఎవరూ ఆ నీళ్ళలో కాలు పెట్టొద్దు.

మీరు ఈ వారంలో ఇంకుడు గుంత దూరం, నేల వాలు, సంప్ గీత, ఈ మూడు చూసి రాయండి. తవ్వకం ఫిబ్రవరి మాట కాబట్టి మందు ఇప్పుడే కొనేయకండి, నిల్వ ఉంటే పాడవుతుంది. మొదటి ముక్క తెరిచాక గోడ కింది జాయింట్ దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి పెట్టండి, పక్కన టేపు కనపడేలా, అది చూసి ఎంత లోతు చెక్కాలో చెప్తాను.